టెక్, కేవ్ డైవింగ్‌కి డ్రైసూట్ ఎంచుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

టెక్‌కో (మామూలు సరదా డైవింగ్ హద్దులు దాటిన టెక్నికల్ డైవింగ్) కేవ్‌కో (నీళ్ళు నిండిన గుహల్లో డైవింగ్) మొదటి డ్రైసూట్ (ఒంటికి నీళ్ళు తగలనివ్వని సూట్) కొందామనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది "ఏ బ్రాండ్ మంచిది" అని. ఎంత పేరున్న కంపెనీ సూటైనా మీ ఒంటికీ, మీరు చేసే డైవ్‌కీ కుదరకపోతే డబ్బు దండగే. అందుకే ఇక్కడ బ్రాండ్ల గొడవ పెట్టుకోకుండా వరస చెబుతాను. ముందు నీళ్ళ చలి, తర్వాత లోపల వేసుకునే బట్టలు, ఆ తర్వాత చేతులు వెనక్కి అందుతున్నాయా లేదా, ఇవన్నీ తేలాక సూట్. చాలామంది సూట్ ముందు కొనేసి, తర్వాత దానిలోకి మందపాటి అండర్‌సూట్ (లోపల వేసుకునే వెచ్చని బట్ట) దూర్చాలని చూస్తారు. అప్పుడు భుజాలు కదలవు, వీపు మీది సిలిండర్ వాల్వ్ చేతికి అందదు.

అమెరికా, యూకే, యూరప్‌లలో ఉంటూ డబుల్ సిలిండర్లతోనో సైడ్‌మౌంట్‌తోనో (సిలిండర్లు ఒంటి పక్కన కట్టుకుని) డైవ్ చేయడం మొదలుపెట్టినవాళ్ళకి ఇది ఎక్కువ పనికొస్తుంది. అండమాన్‌లో నీళ్ళు 27 డిగ్రీల పైనే ఉంటాయి, అక్కడికి డ్రైసూట్ అక్కర్లేదు. కానీ ఇండియాలోనే ఉంటూ ఫ్లోరిడాకో మెక్సికోకో ట్రిప్పులు వేసేవాళ్ళకి సీళ్ళ (మెడ, మణికట్టు దగ్గర నీళ్ళు ఆపే పట్టీలు) దగ్గర, దాచుకోవడం దగ్గర విడిగా రెండు మాటలున్నాయి, ఆ చోట్లు వదలకండి.

1. ముందు మీ డైవ్‌ని కాగితం మీద పెట్టండి

నీళ్ళు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు, ఎంతసేపు కదలకుండా ఉంటారన్నది కూడా చూడాలి.

ఉత్తర ఫ్లోరిడాలో జిన్నీ స్ప్రింగ్స్ లాంటి చోట నీళ్ళు ఏడాదంతా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ 30 మీటర్ల లోతులో గంటకు పైగా తిరిగి, తర్వాత 6 మీటర్ల దగ్గర డీకంప్రెషన్ కోసం (ఒంట్లో చేరిన గ్యాస్ మెల్లగా బయటికి పోయేలా) కదలకుండా వేలాడాల్సి వచ్చినప్పుడు వెట్‌సూట్‌లో ఉన్నవాళ్ళు వణుకుతారు. మెక్సికోలో తులుమ్ చుట్టుపక్కల సెనోటేల్లో 25 డిగ్రీలుంటుంది, చిన్న డైవ్‌లకి వెట్‌సూట్ చాలు. ఫ్రాన్స్‌లో లోట్ ప్రాంతం గుహల్లో 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫిన్లాండ్‌లో నీళ్ళు నిండిన పాత గనుల్లో 4 డిగ్రీలకి పడిపోతుంది.

ఈ నాలుగూ రాసుకోండి:

- మీరు దిగబోయే నీళ్ళలో అతి తక్కువ ఉష్ణోగ్రత
- మొత్తం డైవ్ సమయం, అందులో డీకంప్రెషన్‌కి పోయే భాగం
- గరిష్ఠ లోతు, ట్రైమిక్స్ (హీలియం కలిపిన గ్యాస్) వాడతారా లేదా
- బ్యాక్‌మౌంటా (సిలిండర్లు వీపు మీద), సైడ్‌మౌంటా, రీబ్రీదరా (వదిలిన గాలినే శుద్ధి చేసి తిరిగి ఇచ్చే పరికరం)

వచ్చే రెండు మూడేళ్ళలో చేయాలనుకునే డైవ్‌లనే లెక్కలోకి తీసుకోండి. ఎప్పటికో వెళ్దామనుకుంటున్న ఐస్ డైవింగ్ కోసం కొన్న సూట్‌లో ఫ్లోరిడా ఎండకి ఒడ్డు మీదే చెమటతో తడిసిపోతారు, ఆ చెమటే తర్వాత నీళ్ళలో చలి పుట్టిస్తుంది.

2. అండర్‌సూట్ ముందు కొనండి

ట్రైలామినేట్ (మూడు పొరల పలచని గుడ్డ) సూట్ నీళ్ళని ఆపుతుంది, అంతే. వెచ్చదనమంతా లోపలి బట్టల్లోనూ వాటిలో నిలిచే గాలిలోనూ ఉంటుంది.

రెండు పొరలుగా ఆలోచించండి. ఒంటికి ఆనుకుని చెమటని పీల్చి బయటికి పంపే పలచని పొర, మెరీనో ఉన్నిదో సింథటిక్‌దో. దాని మీద అసలు అండర్‌సూట్. ఫ్లోరిడా 22 డిగ్రీలకి 200 గ్రాముల (చదరపు మీటరుకి) రకం చాలామందికి సరిపోతుంది, 10 డిగ్రీల లోపు నీళ్ళలో పొడుగు డైవ్‌లకి 400 గ్రాముల రకం కావాలి. చలి అందరికీ ఒకేలా ఉండదు, బక్కపలచగా ఉండేవాళ్ళు ఒక మెట్టు మందంగానే తీసుకోండి.

లోపల కాటన్ వద్దు. తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. థిన్సులేట్ లాంటివి తడిసినా కొంత వెచ్చదనం మిగులుస్తాయి, గుహలో ఇది చాలా ముఖ్యం. ఓపెన్ వాటర్‌లో సూట్ చిరిగితే పైకి వచ్చేయొచ్చు. గుహలో బయటికి ఇంకా నలభై నిమిషాల దారి ఉండొచ్చు, ఆపైన డీకో (డీకంప్రెషన్) ఉండొచ్చు. అండర్‌సూట్ కొనేటప్పుడు "ఇది తడిస్తే నేను బయటపడేదాకా ఆగగలనా" అని ఒక్కసారి ఆలోచించండి.

3. సూట్ ఏ రకం గుడ్డ?

ఇక్కడ ఎక్కువ బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. కేవ్, టెక్ డైవర్లలో ఎక్కువమంది ట్రైలామినేట్ వాడతారు. తేలిక, త్వరగా ఆరుతుంది, రిపేరు సులభం, లోతుకి వెళ్ళినా దాని తేలే గుణం మారదు, అండర్‌సూట్ మార్చి అదే సూట్‌ని వేరే నీళ్ళకి వాడుకోవచ్చు. ఇబ్బంది ఒకటే, సాగదు. అందుకే కొలత తప్పితే క్షమించదు.

క్రష్డ్ నియోప్రీన్ బరువు, ఆరడానికి టైం పడుతుంది, కానీ మహా గట్టిది, కాస్త సాగుతుంది. ఇరుకు దారుల్లో, పదునైన రాళ్ళ మధ్య రోజూ పాకేవాళ్ళు దీన్ని ఇష్టపడతారు. విమానంలో మోసుకెళ్ళేవాళ్ళకి మాత్రం సామాను బరువు మీద పడుతుంది.

మామూలు నియోప్రీన్ డ్రైసూట్ టెక్‌కి వద్దు. లోతుకి వెళ్ళేకొద్దీ అందులోని గాలి బుడగలు నలిగి తేలే గుణమూ వెచ్చదనమూ రెండూ తగ్గుతాయి, పైకి వచ్చేకొద్దీ తిరిగి వస్తాయి. సరిగ్గా 6 మీటర్ల దగ్గర, సిలిండర్లు ఖాళీ అయి తేలికైన సమయంలో, అది మిమ్మల్ని ఇంకా పైకి లాగుతుంది.

4. కొలతలు, షాపులో చేయాల్సిన పరీక్ష

సమయం పెట్టాల్సింది ఇక్కడ. సూట్ వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. మీ అండర్‌సూట్ సంచిలో పెట్టుకుని వెళ్ళండి, అది లేకుండా ట్రయల్ వేయకండి.

వరసగా ఇవి చేయండి:

1. అండర్‌సూట్ మీద సూట్ వేసుకుని జిప్ పూర్తిగా మూయండి. ఎగ్జాస్ట్ వాల్వ్ (సూట్‌లోంచి గాలి బయటికి పోయేది) తెరిచి, గొంతుక్కూర్చుని లోపలి గాలంతా పోనివ్వండి.
2. ఆ ఒత్తిడిలోనే రెండు చేతులతో మిమ్మల్ని మీరు గట్టిగా కౌగిలించుకోండి. వీపు మీద గుడ్డ బిగుసుకోకూడదు.
3. ఒక మోకాలు ఛాతీ దాకా ఎత్తండి, తర్వాత రెండోది.
4. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, మెడ వెనక వేళ్ళు కలపండి.
5. షాపువాళ్ళు ఒప్పుకుంటే బ్యాక్‌ప్లేట్ (సిలిండర్లు బిగించే వీపు పలక), డబుల్ సిలిండర్లు తగిలించుకుని కుడి చేత్తో కుడి పోస్ట్ (సిలిండర్ వాల్వ్), ఎడమ చేత్తో ఎడమ పోస్ట్, తర్వాత ఐసొలేటర్ (రెండు సిలిండర్లనీ కలిపే మధ్య వాల్వ్) తిప్పండి. వేళ్ళ కొనలు నాబ్‌కి తగిలితే చాలదు, పట్టుకుని పూర్తిగా మూయగలగాలి.

నాలుగోది, ఐదోది కుదరకపోతే ఆ సూట్ ఎంత తక్కువ ధరకి ఇస్తున్నా వదిలేయండి. పోస్ట్ దగ్గర గ్యాస్ బుసబుసా పోతుంటే మూయడానికి మీకు దొరికేవి కొన్ని క్షణాలే. ఆ పని చేయనివ్వని సూట్ టెక్ సూట్ కాదు.

చేయి అందకపోతే సాధారణంగా భుజాన్ని అనుమానిస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు మొండెం పొడవులో ఉంటుంది. చేతులు ఎత్తగానే తొడల మధ్య గుడ్డ పైకి లాగుతుంది, అది అక్కడే ఆగిపోయి చేతుల్ని కిందకి గుంజుతుంది. ముందు జిప్ ఉన్న సూట్లలో నడుము దగ్గర మడత పెట్టి, తొడల మధ్య పట్టీతో బిగించే అదనపు పొడవు ఉంటుంది, దాని పని ఇదే. వీపు మీద అడ్డంగా జిప్ ఉన్న సూట్లలో ఆ బిరుసు జిప్ కూడా కొంత అడ్డుపడుతుంది, పైగా మూయడానికి ఇంకొకరు కావాలి.

కాళ్ళ దగ్గర మాత్రం వదులు ఉండకూడదు. ఖాళీ ఎక్కువైతే గాలి పాదాల్లోకి చేరి కాళ్ళు పైకి తేలతాయి, గుహ కప్పుకి మడమలు తగులుతాయి, మట్టి రాలి, బయటికి దారి చూపే దారం కనబడకుండా పోతుంది.

రెడీమేడ్ సైజు కుదరకపోతే కొలతలకి కుట్టించుకోండి. కొలతలు మీరే తీసుకోకుండా ఇంకొకరి చేత తీయించండి. అండర్‌సూట్ మీద తీయాలా, లేకుండా తీయాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఫారంలో ఏం రాసి ఉంటే అదే.

5. జిప్

సూట్‌లో అన్నింటికంటే ఖరీదైన రిపేరు జిప్‌దే. ఇత్తడి జిప్ గట్టిది, వంగడానికి కొంచెం మొండి, పళ్ళకి బయటివైపు మైనం రాయాలి. ప్లాస్టిక్ జిప్ తేలిగ్గా వంగుతుంది, భుజాలకి సుఖం, చివర స్లైడర్ కూర్చునే గూట్లో దానికోసం ఇచ్చే గ్రీజు కాస్త రాయాలి.

ఏది తీసుకున్నా చివరి సెంటీమీటర్ విషయంలో జాగ్రత్త. స్లైడర్ గూట్లోకి దిగి ఆగినట్టు చేతికి తెలియాలి. సూట్ "లీక్ అవుతోంది" అని వచ్చేవాటిలో చాలా వరకు ఆ చివరి చిటికెడు మూయకపోవడమే. ఒంటరిగా జిప్ వేసుకోగలిగినా, నీళ్ళలో దిగేముందు బడ్డీ చేత ఒకసారి లాగించి చూడండి.

6. సీళ్ళు: మెడ, మణికట్టు

లేటెక్స్ బాగా సాగుతుంది, చవక, కానీ ఎండకీ, నూనెకీ, ఓజోన్‌కీ పాడవుతుంది. సిలికాన్ మెత్తగా ఉంటుంది, చర్మానికి పడుతుంది, కానీ జిగురుతో అంటదు, దానికి రింగ్ సిస్టమ్ ఉండాలి. నియోప్రీన్ సీల్ వెచ్చగా ఉంటుంది, సైజు కుదరడం కాస్త కష్టం.

నా సలహా, ముఖ్యంగా ఇండియాలో ఉండేవాళ్ళకి: మెడకీ మణికట్టుకీ రింగ్ సిస్టమ్ పెట్టించుకుని సిలికాన్ సీళ్ళు వేసుకోండి. చిరిగితే హోటల్ గదిలో కూర్చుని పది నిమిషాల్లో మీరే మార్చుకోవచ్చు. లేటెక్స్ అంటించాలంటే జిగురు, పని తెలిసిన మనిషి, ఆరడానికి ఒక రోజు, ఇవన్నీ కావాలి. మన ఊళ్ళలో ఆ పని తెలిసినవాళ్ళు దొరకడం కష్టం. ప్రతి ట్రిప్పుకీ ఒక మెడ సీల్, రెండు మణికట్టు సీళ్ళు అదనంగా సంచిలో ఉంచుకోండి.

మణికట్టు విషయం కాస్త వివరంగా చెప్పాలి. పిడికిలి బిగించి మణికట్టు లోపలివైపు చూడండి, రెండు స్నాయువులు (టెండన్లు) తాళ్ళలా లేస్తాయి, వాటి మధ్య సన్నని కాలువ పడుతుంది. జిన్నీ లాంటి చోట ఎదురు ప్రవాహంలో రాళ్ళు పట్టుకుని ముందుకి లాక్కుంటూ వెళ్ళాలి, రీల్ చుట్టాలి. పిడికిలి బిగిసిన ప్రతిసారీ ఆ కాలువలోంచి చుక్క చుక్క లోపలికి వస్తుంది, గంట తర్వాత మోచేయి దాకా తడి. సీల్‌ని మణికట్టు ఎముక దాటి పైకి జరిపితే చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే డ్రై గ్లోవ్స్ పెట్టుకోండి, కానీ లోపల మణికట్టు సీల్ కూడా ఉంచండి. గ్లోవ్ రాయికి చిరిగినా సూట్‌లోకి నీళ్ళు రావు.

మెడ సీల్ మరీ బిగుతుగా ఉంటే మెడ పక్కనున్న రక్తనాళం మీద ఒత్తిడి పడి గుండె వేగం తగ్గుతుంది, కళ్ళు తిరుగుతాయి. అందుకే కొత్త సీల్ వేసుకుని నీళ్ళలో దిగేముందు పది నిమిషాలు ఒడ్డునే కూర్చోండి. తల తేలిగ్గా అనిపిస్తే వెంటనే తీసేయండి. లేటెక్స్ అయితే ఒక రాత్రి మెడ కంటే కొంచెం లావున్న స్టీల్ డబ్బాకి తొడిగి ఉంచండి, అప్పటికీ బిగుతుగా ఉంటే పదునైన కత్తెరతో ఒక్కో గీత చొప్పున, ఆపకుండా ఒకే కోతగా కత్తిరించండి. అంచులో చిన్న గాటు మిగిలినా అక్కణ్ణుంచే చిరుగుతుంది.

వేసుకునే ముందు చూసుకోవాల్సినవి:

- చేతికి కట్టుకున్న కాశీదారం, తోరం, కడియం, గాజులు, వాచీ సీల్ కింద ఉండకూడదు. ఒక్క దారప్పోగు చాలు నీళ్ళు రావడానికి.
- మెడలో గొలుసులు తీసేయండి.
- తలకి కొబ్బరినూనె, మెడకి సన్‌స్క్రీన్ రాసుకుని లేటెక్స్ వేసుకోకండి.
- పౌడర్ వాడితే వాసన లేనిదే.
- మెడ సీల్ కింద జుట్టు, గడ్డం, అండర్‌సూట్ కాలర్ ఇరుక్కోలేదని అద్దంలోనో బడ్డీ చేతనో చూపించుకోండి.

7. వాల్వ్‌లు, సూట్‌లోకి పోయే గ్యాస్

ఇన్‌ఫ్లేటర్ (సూట్‌లోకి గాలి నింపే వాల్వ్) ఛాతీ మధ్యలో, ఎగ్జాస్ట్ ఎడమ భుజం కింద బయటివైపు, ఇదే మామూలు అమరిక. సైడ్‌మౌంట్‌లో హార్నెస్ పట్టీ వాల్వ్ మీదకి రాకుండా చూసుకోండి, కుట్టించుకునేటప్పుడే స్థానం చెప్పాలి. ఇరుకు దారుల్లో వెళ్తే పలచని ఎగ్జాస్ట్ వాల్వ్ అడగండి.

ట్రైమిక్స్‌తో సూట్ నింపకండి. హీలియం గాలి కంటే దాదాపు ఆరు రెట్లు వేడిని మోసుకెళ్తుంది, ఎంత మంచి అండర్‌సూట్ ఉన్నా వణుకు తప్పదు. వేరే చిన్న బాటిల్‌లో గాలి పెట్టుకోండి. ఆ బాటిల్ రెగ్యులేటర్‌కి సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకుని ఊపిరి తీసుకునే భాగం) ఉండదు కాబట్టి ఓవర్‌ప్రెషర్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే ఒత్తిడి పెరిగి హోస్ పగలొచ్చు.

ఆర్గాన్ సంగతి: వేడిని గాలి కంటే మూడో వంతు తక్కువ మోస్తుంది, లెక్కలో బాగుంటుంది. డైవర్ల మీద చేసిన పరీక్షల్లో మాత్రం గాలికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ డబ్బు మంచి అండర్‌సూట్ మీద పెట్టండి. అయినా వాడతానంటే ఆ బాటిల్‌కి పెద్ద అక్షరాలతో పేరు రాయండి, దానికి సెకండ్ స్టేజ్ ఎప్పుడూ తగిలించకండి. అందులోంచి ఊపిరి తీసుకుంటే ప్రాణం పోతుంది.

8. పీ-వాల్వ్

డైవ్ చేస్తూనే మూత్రాన్ని సూట్ బయటికి పంపే గొట్టం, వాల్వ్ ఇది. రెండు గంటలు దాటే డైవ్‌లకి ఇది సౌకర్యం కాదు, అవసరం. మూత్రం వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తే ఒళ్ళు ఎండిపోతుంది, డీకంప్రెషన్ జబ్బుకి అది మంచిది కాదు. బ్యాలెన్స్‌డ్ రకం తీసుకోండి, గొట్టంలో స్క్వీజ్ (ఒత్తిడి తేడాతో నొక్కుకోవడం) రాదు. మగవాళ్ళకి కండోమ్ క్యాథెటర్, ఆడవాళ్ళకి షీ-పీ లాంటి పరికరాలున్నాయి. రెండింటినీ ఇంట్లో బాత్‌రూంలో ప్రయత్నించాకే నీళ్ళలోకి. ప్రతి డైవ్ తర్వాత గొట్టం శుభ్రం చేయకపోతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

9. పాదాలు, జేబులు, మోకాళ్ళు

మెత్తని సాక్స్ మీద విడిగా రాక్ బూట్లు వేసుకునే రకం నాకు నచ్చుతుంది. రాళ్ళ మీద డబుల్ సిలిండర్లతో దిగాలి, బూటు అరిగితే బూటే మార్చుకోవచ్చు. ఫిన్స్ కొనేముందు ఆ బూట్లు తొడిగి చూడండి, ఒక సైజు పెద్దవి కావాల్సి రావచ్చు.

రెండు తొడల మీదా జేబులు, లోపల ఎలాస్టిక్ తాడు కొక్కేలు. స్పేర్ మాస్క్, వెట్‌నోట్స్, స్పూల్ దానికి తగిలించి ఉంచితే చీకట్లో జేబు తెరిచినా జారిపోవు. మోకాళ్ళ మీద గట్టి అతుకులు అడగండి.

10. హీటింగ్ వెస్ట్ కావాలా?

ముందు అది లేకుండా డైవ్ పూర్తి చేయగల అండర్‌సూట్ ఉండాలి. బ్యాటరీ ఆగిపోయిన రోజు ఆ అండర్‌సూట్ మీదే ఆధారపడతారు.

వాడే పద్ధతి కూడా ముఖ్యం. 2007లో అమెరికా నౌకాదళం ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 37 మీటర్ల డైవ్‌లతో చేసిన అధ్యయనంలో, అడుగున వెచ్చగా ఉండి డీకోలో చల్లబడినవాళ్ళకి డీకంప్రెషన్ జబ్బు ముప్పు బాగా పెరిగింది, అడుగున చల్లగా ఉండి డీకోలో వెచ్చగా ఉన్నవాళ్ళకి బాగా తగ్గింది. వెచ్చని ఒంట్లో రక్తం బాగా తిరిగి గ్యాస్ ఎక్కువ చేరుతుంది, తర్వాత చలికి రక్తనాళాలు ముడుచుకుంటే అది బయటికి రాదు. కాబట్టి అడుగున హీటర్ ఆపి ఉంచండి, లేదా బాగా తగ్గించండి. డీకో మొదలయ్యాక ఆన్ చేయండి.

11. ధర, సెకండ్‌హ్యాండ్

మంచి కొత్త ట్రైలామినేట్ సూట్ సుమారు 2,000 నుంచి 4,000 డాలర్ల దాకా ఉంటుంది, అండర్‌సూట్, రింగులు, పీ-వాల్వ్ వేరే. బడ్జెట్ తక్కువైతే ఖరీదైన అండర్‌సూట్, మధ్యరకం సూట్ తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో చూడాల్సినవి:

- జిప్‌ని పూర్తిగా తెరిచి వంచి చూడండి, పళ్ళు ఊడినా టేపు పీచు లేచినా వద్దు
- లేటెక్స్ జిగటగా ఉంటే దాని పని అయిపోయినట్టే, మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించండి
- లోపల కుట్ల మీద టేపు లేస్తోందా
- నాలుగో అంశంలోని పరీక్ష ఇక్కడా వర్తిస్తుంది

12. గుహలోకి తీసుకెళ్ళే ముందు

కొత్త డ్రైసూట్‌తో కేవ్ కోర్సు మొదలుపెట్టకండి. ముందు డ్రైసూట్ కోర్సు, తర్వాత లోతు తక్కువ ఉన్న ఓపెన్ వాటర్‌లో ఇవి అలవాటయ్యేదాకా:

- ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుపోతే గ్లోవ్స్‌తోనే హోస్ ఊడదీయడం
- కాళ్ళు పైకి లేస్తే మోకాళ్ళు ముడిచి ముందుకి దొర్లి సరిచేసుకోవడం
- సూట్‌లో గాలి లేకుండా వింగ్‌తో (వీపు మీద తేలడానికి గాలి నింపే సంచి) మాత్రమే నిలబడటం, వింగ్ పోతే సూట్‌తో నిలబడటం
- కొత్త అండర్‌సూట్‌కి బరువు మళ్ళీ చూసుకోవడం, దాదాపు ఖాళీ సిలిండర్లతో 3 మీటర్ల దగ్గర నిలబడగలగాలి

13. తరచూ వచ్చే ఇబ్బందులు

*ఛాతీ తడి:* జిప్ చివర, మెడ సీల్ మడత, ఇన్‌ఫ్లేటర్ బిగింపు చూడండి.

*ఎడమ చేయి తడి:* ఎగ్జాస్ట్ వాల్వ్‌లో అండర్‌సూట్ నూలు పోగో ఇసుకో ఇరుక్కుని ఉంటుంది. మంచినీళ్ళతో కడగండి.

*ఒళ్ళంతా పలచగా చెమ్మ:* అది చాలావరకు చెమటే. ఒడ్డు మీద త్వరగా సూట్ వేసుకుని ఎక్కువసేపు నిలబడటం తగ్గించండి.

*ఒకేచోట తడి, కారణం తెలియదు:* మెడకీ మణికట్లకీ గుండ్రటి డబ్బాలు బిరడాల్లా పెట్టి, జిప్ మూసి, ఇన్‌ఫ్లేటర్‌తో గాలి నింపి పైన సబ్బునీళ్ళు చల్లండి. బుడగలు వచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టండి. పూర్తిగా ఆరబెట్టి, లోపలివైపు రిపేరు జిగురు రాసి, ట్యూబ్ మీద రాసినంతసేపు కదపకుండా వదిలేయండి.

*లేటెక్స్ త్వరగా పాడవుతోంది:* ఎక్కడ దాస్తున్నారో చూడండి. ఫ్రిజ్ వెనక, మోటారు పక్కన, ఎండ తగిలే బాల్కనీలో పెట్టకండి, మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరుని తినేస్తుంది. వైజాగ్ లాంటి ఉక్క ఊళ్ళలో లోపలా బయటా పూర్తిగా ఆరాకే చుట్టండి, లేకపోతే బూజు పడుతుంది. చల్లగా, చీకటిగా ఉండే అల్మరా చాలు.